మర్యాద మాటలోని మర్మము

ఓం శ్రీ గురుబసవలింగాయ నమః

నంద్యాల జిల్లా ఆత్మకూరు సీమలో ఇల్లు వదలి బయలుదేరువాడు "పోతాను" అనడు; "పోయొస్తాను" అనును. దారినపోవువానిని "ఎక్కడికి?" అని అడుగుట అశుభమని "ఎంతదూరమప్పా?" అందురు. దీపము ఆరినదనక "కొండెక్కింది" అందురు. బియ్యము అయిపోయినప్పుడు ఇల్లాలు "బియ్యం నిండుకున్నాయి" అని చెప్పును. పైకి వినబడు అర్థమొకటి, లోన దాగిన అర్థమొకటి. అయినను ఇవి అసత్యములు కావు. వినువాని మనస్సు నొవ్వరాదని, ఇంట అమంగళము పలుకరాదని పెద్దలు ఏర్పరచిన పలుకుబడులివి. వీనిలో దాగినది కరుణ.

అయితే మర్యాద చాటున మరియొక జాతి మాటలు కలవు. అప్పు కోరి వచ్చిన పేద బంధువుతో "చూద్దాం లెండి" అందురు. దానికి "ఇవ్వము" అని అర్థమని పలికినవానికి తెలియును. విన్నవాడు మాత్రము ఆశతో మరి నాలుగుమార్లు గడప తొక్కును. భోజనవేళకు వచ్చినవానితో "తిని పోదురు లెండి" అని వాకిట నిలబడియే పలుకుదురు. "దయచేయండి" అను ఒక్క మాటయే స్వరమును బట్టి రమ్మనుటయు అగును, పొమ్మనుటయు అగును. వీనిలో దాగినది తిరస్కారము.

మాటకెంత బరువు కలదో శరణ సంప్రదాయములో చెప్పుకొను హరళయ్య కథ తెలుపును. 12వ శతాబ్దిలో కల్యాణ నగరమున బసవేశ్వరుడు బిజ్జలుని మంత్రిగా నుండెను. చెప్పులు కుట్టు కాయకము చేయు హరళయ్య ఒకనాడు దారిలో ఎదురై "శరణు" అనెను. బసవన్న "శరణు శరణార్థి" అని బదులు పలికెను. తానిచ్చినది ఒక శరణు, తనకు వచ్చినది అంతకు మించినది. ఆ అధికమైన మాట తనపై ఋణమని హరళయ్య కలతపడెను. భార్య కల్యాణమ్మయు తానును తమ తొడల చర్మముతో పాదరక్షలు చేసి సమర్పింపగా, బసవన్న వానిని కాళ్లకు తొడుగుకొనలేకపోయెనని చెప్పుదురు.

ఆ వందనము పైపై మర్యాద అయినచో నాలుకపైననే ఆగిపోయెడిది. ఆగలేదు. బ్రాహ్మణ కులమున పుట్టి శరణుడైన మధువరసుని కుమార్తెకును, హరళయ్య కుమారునకును వివాహము జరిగెను. అందులకు ఆ తండ్రులిరువురును రాజదండనకు గురియై ప్రాణములు విడిచిరి. ఒక్క "శరణు"ను నిజము చేయుటకు చెల్లించిన వెల అది.

ఆత్మకూరునకు ఇట్టి పరీక్ష ప్రతి సంవత్సరమును వచ్చును. ఉగాదికి ముందు కన్నడ సీమ నుండి వేలాది భక్తులు కాలినడకన శ్రీశైల మల్లికార్జునుని దర్శనమునకు పోవుచుందురు. ఆత్మకూరు దాటి వెంకటాపురము, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారము మీదుగా నల్లమలలో సాగు దారి అది. ఎండకు బొబ్బలెక్కిన పాదములతో వచ్చువారికి దారిపొడుగున నీరు, మజ్జిగ, అన్నము పెట్టు పుణ్యాత్ములు కలరు. అచ్చట "తిని పొండి" అను మాటకు దాగిన అర్థము లేదు. మాట వెంట విస్తరి పడును. వచ్చినవాని కులమడుగువారు లేరు. భాష తెలియకున్నను ఆకలి తెలియును. దాసోహమనగా పలుకును పదార్థమును ఒకటగుటయే.

దారిన పోవు యాత్రికునకు దక్కు ఈ మర్యాద, తక్కిన దినములలో సొంత పొలమున పనిచేయు కూలివానికి దక్కుచున్నదా? జంగమస్వామికి "దయచేయండి" అనిన నోటనే వీధి ఊడ్చు ముదుసలికి "ఏమిరా" అను పిలుపు వచ్చుచున్నదా? మెడలోని ఇష్టలింగము రెండు పిలుపులను వినుచునే యున్నది.

కాబట్టి శరణ మార్గమున నడుచు కుటుంబములు రెండు నియమములు పాటింపవలయును. చేయగలిగినదే పలుకవలయును. చేయలేనప్పుడు "ఇప్పుడు నా వల్ల కాదప్పా" అని మెత్తగా, స్పష్టముగా చెప్పవలయును. లేదనుటలో అమర్యాద లేదు. ఆశపెట్టి త్రిప్పుటలో కలదు. పిల్లలు ఈ నియమమును పెద్దల నోటి నుండియే నేర్తురు.

"శరణు శరణార్థి" అను పలుకునకును లోపలి అర్థమొకటి కలదు: "నీవు నాకంటె తక్కువవాడవు కావు." గడప వద్ద పలికిన ఆ మాట వంటింటిలోను, పంక్తిలోను, పొలములోను నిలిచిన ఇల్లే బసవన్న మెచ్చు ఇల్లు.

శరణు శరణార్థి.