సున్నా, సున్నా, రెండు

మన లెక్క మనమే పైకి చెప్పుకోవడం గొప్పలు పోవడమా, నిజాయితీయా? పికిల్‌బాల్‌లో స్కోరు చెప్పడం నేర్చుకుంటున్నప్పటినుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

1965లో అమెరికాలోని బైన్‌బ్రిడ్జ్ ద్వీపంలో పుట్టిన ఆట ఇది. కోర్టు కొలతలు బాడ్మింటన్ డబుల్స్ కోర్టువే: 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. అందుకే భానూర్‌లాంటి చోట కూడా, కాలనీలో బాడ్మింటన్ కోర్టు ఉంటే, సుద్దతో రెండు గీతలు గీసి, నెట్టు కిందికి దించి ఆడుకోవచ్చు. నెట్టుకి రెండు వైపులా ఏడేసి అడుగుల జాగాని ‘కిచెన్’ అంటారు. అందులో నిలబడి, బంతి నేల తాకకముందే కొట్టకూడదు. ఆ పేరు విని మేం ఆడవాళ్లం నవ్వుకున్నాం. కానీ నన్ను ఆలోచనలో పడేసింది కిచెన్ కాదు, స్కోరు.

డబుల్స్‌లో సర్వ్ చేసే మనిషి ప్రతిసారీ మూడు అంకెలు పైకి చెప్పాలి. మొదట తన జట్టు స్కోరు, తర్వాత ఎదుటి జట్టు స్కోరు, చివర తను ఒకటో సర్వరా, రెండో సర్వరా అన్నది. జట్టులో ఇద్దరి వంతూ అయ్యాకే సర్వీస్ అవతలివాళ్లకి పోతుంది. ఆట మొదట్లో మాత్రం, ముందు సర్వ్ చేసేవాళ్లకి ఎక్కువ అవకాశం దొరక్కుండా, ఒక్కరికే వంతు. అందుకే ఆమెని రెండో సర్వర్‌గా లెక్కగట్టి ‘సున్నా, సున్నా, రెండు’ అని మొదలుపెడతారు. సంప్రదాయ పద్ధతిలో సర్వ్ చేస్తున్న జట్టుకే పాయింటు. కనీసం రెండు తేడాతో 11కి చేరినవాళ్లు గెలిచినట్టు.

మాతో ఆడే ఆడవాళ్లలో లెక్కలు రానివాళ్లెవరూ లేరు. పాల లెక్క, చీటీ లెక్క, పిల్లల ఫీజు గడువు, అత్తగారి మాత్రల వేళలు అన్నీ నోటికే చెప్తారు. వామనగుంటల్లో చింతగింజల్ని చూపుతోనే లెక్కపెట్టినవాళ్లు. అయినా ‘మాకు ఏడు’ అని పైకి చెప్పాల్సి వచ్చేసరికి గొంతు సన్నబడుతుంది. పక్కన భర్త ఆడుతుంటే ఆ అంకె ఆయనే చెప్పేస్తాడు. ఇంతకాలం మనం లెక్కపెట్టింది ఇతరుల కోసం. మన పేరు మీద లెక్క చెప్పుకోవడం అలవాటు లేదు.

సర్వీస్ అందుకునే వైపు ఉన్నప్పుడు ఎంత బాగా ఆడినా పాయింటు రాదు. అవతలివాళ్లని ఆపగలం, అంతే. ఇది నాకు చాలా తెలిసిన విషయంలా అనిపించింది. భానూర్ చుట్టూ ఉన్నది లెక్కల ప్రపంచం. ఇక్కడి భారత్ డైనమిక్స్ యూనిట్ నుంచి పటాన్‌చెరు పారిశ్రామికవాడ దాకా షిఫ్టులు, హాజరు, ఓవర్‌టైమ్, అన్నిటికీ లెక్క ఉంటుంది. ఆ లెక్కలోంచి ఇంటికొచ్చిన స్త్రీ రెండో షిఫ్టు ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు. కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపనికి ఆ పని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. ఆటలోనైతే కాసేపటికి సర్వీస్ మన చేతికొస్తుంది. ఇంట్లో ఆ వంతు రాదు. అన్యాయం అక్కడుంది.

లెక్క పద్ధతి దైవదత్తమేమీ కాదు, మనుషులు నిర్ణయించుకున్నదే. 2006కి ముందు బాడ్మింటన్ సింగిల్స్‌లో మగవాళ్ల గేమ్ 15 పాయింట్లు, ఆడవాళ్లది 11. ఆ ఏడాది అందరికీ 21 చేశారు. 2017లో గ్లాస్గోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో మన సింధు, ఒకుహరా 110 నిమిషాలు ఆడారు. ఆడవాళ్ల శరీరాలకి 11 చాలునని అనుకున్నవాళ్లకి ఇంతకంటే జవాబేం కావాలి?

‘ప్రేమ ఉన్నచోట లెక్కలేమిటి’ అంటారు. మరి కట్నం తులాల్లో, పెట్టుపోతలు రూపాయల్లో ఏళ్ల తరబడి గుర్తుంటాయెందుకు? లెక్క అన్ని ఇళ్లలోనూ ఉంది. ఎవరి శ్రమని లెక్కలోంచి తప్పించారన్నదే ప్రశ్న.

ఈ ఆటలో మరో నియమం ఉంది. అంపైరు లేనప్పుడు మన వైపు పడిన బంతి గీత లోపలా, బయటా అన్నది మనమే చెప్పాలి. బయట పడిందని స్పష్టంగా చూడకపోతే లోపల పడినట్టే. అనుమానం వస్తే లాభం ఎదుటివాళ్లకి. మొదట నాకిది నచ్చలేదు. పుట్టినప్పటినుంచీ అనుమానం లాభమంతా ఎదుటివాళ్లకే ఇస్తూ వచ్చాం, ఇక్కడ కూడానా? తర్వాత తేడా తెలిసింది. ఈ నియమం రెండు వైపులకీ ఒకటే. పైగా అది వదులుకోమంటున్నది చూడనిదాన్ని మాత్రమే. కళ్లారా చూసినదాన్ని వదులుకోమనడం లేదు. త్యాగం పేరుతో మనకి నేర్పింది చూసినదాన్ని కూడా చూడలేదనడం.

స్కోరు పైకి చెప్పడంలోని న్యాయం కూడా ఇదే. ‘మాకు ఏడు, మీకు అయిదు’ అని వినిపించేలా చెప్తేనే, తప్పయితే ఎదుటివాళ్లు దిద్దగలరు. మనసులో దాచుకున్న లెక్కని ఎవరూ దిద్దలేరు, ఎవరూ ఒప్పుకోలేరు. అది మెల్లగా కక్షగానో నిస్పృహగానో మారుతుంది. మన అంకెని నలుగురి ముందు పెట్టడమంటే వాళ్ల పరీక్షకి నిలబడటం. అందులో మన పట్ల గౌరవం ఎంత ఉందో, ఎదుటివాళ్ల పట్లా అంతే ఉంది. ఆ వాక్యంలో వాళ్ల స్కోరు కూడా మన నోటితోనే చెప్తాం కదా.