బూట్లు తొడుక్కోరా సుబ్బూ

సుబ్బూ, నువ్వు పంపిన కబురు చూశాను. మెలియాయిడోసిస్‌కి టీకా దొరికేసిందట బాబాయ్, ఇంక బూట్లూ గీట్లూ ఎందుకు అంటున్నావు. దొరికిన మాట అబద్ధం కాదు గానీ, దొరికింది ఎలుకలకిరా!

వరిచేల బురదలో బతుకుతూ ఈ జబ్బు తెచ్చే బర్ఖోల్డేరియా బాక్టీరియా తన పైపొర నుంచి సన్నటి బుడగలు వదులుతూ ఉంటుంది. ఒక్కోటి మిల్లీమీటరులో పదివేలో వంతు. పాము విడిచిన కుబుసం అనుకో. చారలన్నీ పామువే, పిల్లల్ని మాత్రం పెట్టలేదు. ఆ చారలు చూసే మన ఒంట్లోని రక్షణ కణాలు అసలు క్రిమిని ఆనవాలు పట్టడం నేర్చుకుంటాయి. అమెరికాలో టులేన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ బుడగల్నే ఎలుకలకి టీకాగా వేసి, ఆ తర్వాత ప్రాణం తీసేంత మోతాదులో క్రిమిని ఊపిరితిత్తుల్లోకి పంపారు. టీకా పడనివాటికన్నా పడినవే ఎక్కువ బతికాయని 2011లో ప్రకటించారు. ఈ క్రిమి కణాల్లోకి దూరి దాక్కునే రకం, ఉత్త యాంటీబాడీలకి లొంగదు, టీ కణాలు కూడా కదలాలి. బుడగలు రెండింటినీ లేపాయి. నాకు ముచ్చటేసింది అక్కడే.

బుడగల టీకా మనుషులకి కొత్తేం కాదు. న్యూజిలాండ్‌లో 2004 నుంచి మెనింజైటిస్‌కి పిల్లలకీ కుర్రాళ్ళకీ వేశారు. కాకపోతే బుడగల్లో ఉండే ఎండోటాక్సిన్‌ని ముందు డిటర్జెంటుతో తగ్గించారు. కుబుసానికీ కాస్త విషం అంటుకునే ఉంటుందన్నమాట. మన జబ్బుని 1911లోనే రంగూన్‌లో విట్‌మోర్, కృష్ణస్వామి పట్టుకున్నారు. ఇన్నేళ్ళయినా మనుషులకి వేసే టీకా బజారులోకి రాలేదు.

నీకు షుగరుంది. ఈ జబ్బు ముందు వెతుక్కునేది షుగరున్నవాళ్ళనే. కాబట్టి దమ్ములప్పుడూ ఊడ్పులప్పుడూ బూట్లు లేకుండా చేలోకి దిగకు. కాలికి పుండుంటే అసలే వద్దు, కూలీని పెట్టుకో, డబ్బు నేనిస్తాను. వానల్లో జ్వరం, దగ్గు పట్టుకుని వదలకపోతే ఆర్‌ఎంపీ దగ్గర సూదులు పొడిపించుకుంటూ కూర్చోకు. పెద్ద డాక్టరు దగ్గరికెళ్ళి, "నాకు షుగరుందండీ, వరి చేస్తాను, బ్లడ్ కల్చర్ చేయించండి" అని నోరు తెరిచి అడుగు. మెలియాయిడోసిస్ అనుమానమని ల్యాబుకి కూడా చెప్పమను. అది ముఖ్యం. కల్చర్ ప్లేటులో ఈ కాలనీలు మొదట మామూలుగానే కనిపిస్తాయి, రెండు మూడు రోజులు ఆగితేగాని పొడిబారి ముడతలు తేలవు. తొందరపడ్డ టెక్నీషియన్ ఏదో సూడోమొనాస్ అని రాసి పారేస్తాడు. ఆ ఉద్యోగం చేసినవాణ్ణి, నాకు తెలుసు.

జబ్బు అదేనని తేలితే కనీసం పది, పద్నాలుగు రోజులు నరానికి ఇంజెక్షన్లు, ఆ పైన మూడు నెలలు బిళ్ళలు. రెండో నెలకే ఒళ్ళు తేలికపడి మానేద్దామనిపిస్తుంది. మానేశావో, జబ్బు తిరగబెడుతుంది. ఈ సంగతి మీ ఆవిడకి కూడా చదివి వినిపించు, నీమీద నాకు నమ్మకం తక్కువ.