దీపమును తినివేయు క్షారము

ధనుర్మాసము ప్రవేశించినదనగా వైష్ణవ గృహములలో మొట్టమొదట వెదకబడు వస్తువులలో టార్చిలైటు ఒకటి. సుమారు డిసెంబరు 16వ తేదీనుండి భోగి వరకు తెల్లవారుజామున తిరుప్పావై సేవాకాలమునకు ఆలయమునకు పోవలయును. తిరుమల సన్నిధిలో ఈ నెలదినములు సుప్రభాతమునకు బదులుగా గోదాదేవి పాశురములతోనే స్వామిని మేలుకొలుపుదురు. గ్రామములలో వీధిదీపములున్నను, చెరువుగట్టుమీదను, తోటదారులలోను, కోనేటిమెట్లమీదను వృద్ధులకు చేతిలో వెలుగు లేనిదే అడుగు సాగదు. నిరుటి సంక్రాంతి వెళ్ళినపిమ్మట అటకమీదనో, పాతపెట్టెలోనో పెట్టిన టార్చిని అప్పుడు క్రిందికి దించుదురు. మీట నొక్కుదురు. వెలుగదు. వెనుకమూత తిరుగదు. ఎట్లో విప్పి చూచినచో, గోడకు చవుడు పట్టినట్లు లోపలంతయు తెల్లని పొడి పొంగియుండును. స్ప్రింగు తునిగి చేతిలోనికి వచ్చును. సెల్లులు గొట్టమునకు అంటుకొని ఊడిరావు.

“పెట్టినప్పుడు చక్కగా వెలిగినదే, ఏడాదిలో ఒక్కనాడైనను వాడలేదే, ఎట్లు చెడినది?” అని ఇంటివారు విస్తుపోవుదురు. వాడక పెట్టుటవలననే చెడినదని చెప్పినచో నమ్ముట కష్టము. పెద్దలు దృష్టాంతములను అడవులలోను సముద్రములలోను మాత్రమే వెదకలేదు. ఇంటిలోని ఉప్పును, దారమును, కుండను తీసికొనియే పరతత్త్వమును బోధించిరి. కావున ఈ చెడిన టార్చిని పారవేయుటకు ముందు కొంచెము పరిశీలించుటలో తప్పులేదు.

పాతకాలపు సెల్లు 1866లో ఫ్రాన్సు దేశీయుడైన జార్జి లెక్లాంషే కూర్చిన విద్యుద్ఘటము యొక్క సంతతి. అందులో జింకు డబ్బాయే ఒక ధ్రువము. వెలుగునిచ్చుటలో ఆ డబ్బాయే కరగుచుండును గనుక, కొంతకాలమునకు చిల్లుపడి లోపలి ముద్ద కారుట దానికి సహజము. 1950వ దశకపు చివర లూయిస్ అర్రీ అను ఇంజనీరు రూపొందించిన ఆల్కలైన్ సెల్లు అట్టిది కాదు. దానికి వెలుపల ఉక్కు కవచము. ఆ కవచమునంటి లోపల మాంగనీసు డయాక్సైడు, నడుమ జిగురువంటి ముద్దలో జింకు పొడి, రెండింటిని తడుపుచు పొటాషియం హైడ్రాక్సైడు అను తీవ్రమైన క్షారము. అడుగున, ఋణధ్రువమువద్ద, ప్లాస్టిక్ బిరడా. ఇది పాతసెల్లుకంటె ఎక్కువకాలము వెలుగునిచ్చును, కవచము కరగదు. అందుచేత ఇది కారదని జనులకు ఒక నమ్మకము ఏర్పడినది. ఆ నమ్మకమే అజాగ్రత్తకు మూలము.

ఉక్కు కవచము బయటి దెబ్బకు ఓర్చును గాని లోపల పుట్టు వాయువును ఏమి చేయగలదు? సెల్లు పనిలేక పడియున్నను, లోపలి జింకు ఆ క్షారముతో మెల్లమెల్లగా కలహించుచునే యుండును. ఆ కలహమునుండి హైడ్రోజను వాయువు పుట్టును. నెలలు గడచినకొలది ఒత్తిడి పెరుగును. సెల్లు ప్రేలిపోకుండుటకై బిరడాలో ఒక పలుచని భాగమును తయారుచేయువారే ఉంచుదురు; ఒత్తిడి మితిమీరగానే అది తెగును. అంతట క్షారము వెలికి ప్రాకి, గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలసి, పొటాషియం కార్బొనేటుగా గడ్డకట్టును. మనము చూచు తెల్లని పొడి అదియే. ఆ తేమ సోకిన స్ప్రింగు తుప్పుపట్టును, రాగి ఇత్తడి రేకులు పచ్చబడును. గొట్టము అల్యూమినియముదైనచో క్షారము దానిని కొరికి కరగించును. సెల్లు వెల స్వల్పము. దానిని కడుపులో దాచుకొన్న టార్చి వెల అధికము. నష్టము మాత్రము దాచుకొన్నదానికే.

ఇది త్వరపడుటకు కారణములు కొన్ని కలవు. వేసవిలో అటకమీది వేడి ఒకటి. ఇప్పటి ఎల్.ఇ.డి. టార్చీలలో కొన్నింటి మీట ఆపినట్లు కనబడునే గాని, లోపల అతిసూక్ష్మమైన విద్యుత్తు రేయింబవళ్ళు ప్రవహించుచునే యుండును. సెల్లు పూర్తిగా నిస్సారమైనపిమ్మట కారుట మరింత సులభము. అన్నింటికంటె పెద్దపొరపాటు పాతసెల్లును క్రొత్తసెల్లును జతచేయుట. పొదుపుగా ఉండునని పలువురు చేయుచున్న పని ఇది. క్రొత్తది బలముతో ప్రవాహమును నడుపును. సారము ముగిసిన పాతది ఆ ప్రవాహమునకు దారియియ్యలేక, ధ్రువములు తారుమారై, లోపల వాయువును పుట్టించి పగులును. అది పాతదాని దోషము కాదు, జతకూర్చినవాని దోషము. ఇట్టి జతకూర్పు ఇండ్లలోను కలదు. ఏకాదశీ ఉపవాసమునకు ఎనిమిదేండ్లు దాటని బాలురను, ఎనుబది నిండిన వృద్ధులను శాస్త్రమే మినహాయించినది. అట్లుండగా ఉత్సాహవంతులైన యువకులు తమతోపాటు తల్లిదండ్రులను నిర్జలోపవాసము చేయించుట, కాలినడకను కొండ నెక్కునపుడు తమ వేగముతో వారిని లాగుకొనిపోవుట భక్తి యనిపించుకొనదు. వృద్ధులు మొగమాటమున చెప్పరు. చెప్పకుండుట సమ్మతి కాదు.

ఇక కారిన టార్చిని బాగుచేయు విధము. చేతులకు రబ్బరు తొడుగులు, వీలైనచో కండ్లద్దములు పెట్టుకొని, పిల్లలను దూరముగా ఉంచి, సెల్లులను తీయవలయును. తెల్లనిపొడిని నోటితో ఊదరాదు. కొంచెము వెనిగరులోనో నిమ్మరసములోనో దూదిని తడిపి అద్దినచో బుసబుస పొంగి క్షారము శాంతించును. పిదప స్వల్పముగా నీటితో తుడిచి, చక్కగా ఆరబెట్టి, రేకులను సన్నని గరుకుకాగితముతో రుద్దవలయును. పాతకాలపు జింకు కార్బను సెల్లు కారినచో అది ఆమ్లస్వభావము గలది గనుక దానికి వంటసోడా తగును. క్షారము చర్మమునకు తగిలినచో ధారాళముగా నీటితో కడుగుకొనవలయును, నిమ్మరసము పూయరాదు. కంటిలో పడినచో పావుగంటకు తక్కువకాకుండ నీటితో కడుగుచు వైద్యునియొద్దకు పరుగెత్తవలసినదే. సెల్లులను నిప్పులో వేయరాదు. ఒకసారి వాడుటకైన ఆల్కలైన్ సెల్లులకు తిరిగి విద్యుత్తు ఎక్కింపరాదు. భోగిమంటలో పాతవస్తువులతోపాటు వీనినికూడ విసరు అలవాటు ఎచ్చటనైన ఉన్నచో అది మిక్కిలి ప్రమాదకరము. సంక్రాంతి పండుగ గడవగానే సెల్లులను తీసి, టార్చిని వేరుగను వానిని వేరుగను పొడిచోట ఉంచినచో ఈ శ్రమయంతయు తప్పును.

ఇంతవరకు బయటి దీపము. దృష్టాంతము సర్వాంశములందును సరిపోవలెనను నియమము లేదు; ముఖము చంద్రునివలె నున్నదన్నంతమాత్రమున ముఖమున మచ్చను వెదకము. ఇచ్చట గ్రహింపవలసిన అంశము ఒక్కటియే. లోపల దాచి, పనికి వినియోగింపక, మూతవేసి మరచిన తీవ్రవస్తువు మరచినచోటనే ఊరకుండదు. మనస్సులో దాచుకొన్న కోపము అట్టిది. బయటికి వచ్చిన కోపమును లోకము చూచును, పెద్దలు మందలింతురు, ఒకనాటికి చల్లారును. దాచినదానిని ఎవరు చూతురు? మాట ఆగిపోయినది గనుక కలహము ఆగిపోయినదని అందరు తలంతురు. మీట ఆపినట్లే యుండును; లోపల సూక్ష్మప్రవాహము మాత్రము ఆగదు.

ఒక ఊరిలో అన్నదమ్ములిద్దరు. ఏ ఊరనవలసిన పనిలేదు. ప్రతి ఊరిలోను ఉందురు. భూమి పంచుకొన్ననాడు గట్టుదగ్గర ఒక మాట జారినది. ఆనాటినుండి పోట్లాట లేదు, మాటయు లేదు. ఇద్దరును నియమముగా ధనుర్మాసమున గోష్ఠికి వత్తురు. ఇద్దరికిని ముప్పది పాశురములు కంఠస్థములు. తీర్థము, శఠారి స్వీకరించుటకు నిలుచునపుడు ఒకడు వరుసకు ఈ చివర, ఒకడు ఆ చివర. ఒకే అర్చకస్వామి చేతితో ఒకే తీర్థము ఇద్దరి అరచేతులలో పడుచున్నది. అన్నగారికి జబ్బుచేసినపుడు తమ్ముడు వాకిటివరకు వచ్చి తిరిగిపోయినాడనియు, ఆ సంగతి తెలిసి అన్నగారు ఆ రాత్రి నిద్రపోలేదనియు ఊరిలో చెప్పుకొందురు. భగవదపచారముకంటె భాగవతాపచారము ఘోరమని పిళ్ళైలోకాచార్యులవారి శ్రీవచనభూషణమును సేవించినవారికి తెలియును. అది పరాయి భాగవతుల విషయమున మాత్రమే యని ఎవరనిరి? తోడబుట్టినవాడు భాగవతుడు కాకపోడు. ఏండ్లతరబడి మూతవేసి ఉంచిన ఆ మాట గట్టును తినలేదు, పొలమును తినలేదు. దానిని దాచుకొన్న రెండు హృదయములను తిన్నది.

ఈ విషయమున శ్రీమద్భాగవత నవమస్కంధములోని అంబరీషోపాఖ్యానమును స్మరింపవలయును. పోతనామాత్యుని తెలుగు భాగవతముద్వారా ఈ కథ ఆంధ్రదేశమున ఇంటింట తెలిసినదే. అయితే వినువారి మనస్సు చక్రము వెంటబడి పరుగెత్తుచున్న దుర్వాసునితోపాటు పరుగెత్తును గాని, ఇంటివద్ద నిలిచియున్న అంబరీషునియొద్ద ఆగదు.

సప్తద్వీపములకు ప్రభువైన ఆ రాజు మనస్సును శ్రీకృష్ణుని పాదములయందును, వాక్కును భగవద్గుణవర్ణనమందును, చేతులను హరిమందిరమును ఊడ్చి శుభ్రపరచుటయందును, పాదములను క్షేత్రయాత్రలయందును వినియోగించెను. అతని ఇంద్రియములలో పనిలేక పడియున్నది ఒక్కటియు లేదు. ఏడాదిపాటు ద్వాదశీవ్రతము నడపి, కార్తికమున మూడురాత్రులు ఉపవసించి, యమునలో స్నానమాడి, మధువనమున హరిని అర్చించి పారణకు సిద్ధపడుచుండగా దుర్వాసుడు అతిథిగా వచ్చెను. భోజనమునకు అంగీకరించి కాళిందికి స్నానార్థము పోయి ఎంతకును తిరిగిరాలేదు. ద్వాదశి ముగియుటకు అరముహూర్తమే యున్నది. అతిథికి పెట్టక తినరాదు, ద్వాదశి దాటరాదు. బ్రాహ్మణుల నడిగి, తిన్నట్లును తిననట్లును అగునట్లు రాజు జలమును మాత్రమే స్వీకరించెను. ముని దానిని గ్రహించి, జటను పెరికి కృత్యను సృజించెను.

తపస్సు సామాన్యమైన శక్తి కాదు. ఎన్నేండ్లు కూడబెట్టినదో! అది వెలుగుగా వెలికి రాక కృత్యగా వచ్చినది. సుదర్శనము కృత్యను దహించి, కూడబెట్టిన మునినే తరిమినది. బ్రహ్మలోకమున రక్షణ లేదు, శంకరునియొద్ద లేదు. తాను భక్తపరాధీనుడననియు, ఆ రాజునే ఆశ్రయింపుమనియు వైకుంఠనాథుడును పంపివేసెను. ముని వచ్చి పాదములు పట్టుకొనగా అంబరీషుడు సిగ్గుపడి, చక్రమును స్తుతించి శాంతింపజేసెను. క్షారమునకు క్షారము మందు కాదుగదా.

ముని పరుగెత్తి తిరిగివచ్చులోపల గడచినది ఒక సంవత్సరము. ఆ సంవత్సరమంతయు రాజు ఆహారము ముట్టలేదు. కేవలము జలముతో నిలిచి, ముని ఎప్పుడు వచ్చునాయని ఎదురుచూచుచుండెను. తనను చంపుటకు యత్నించినవానికొరకు ఆకలితో గడపిన ఏడాది అది. ఒక్క కటువైన తలంపు లోపల పేరుకొనుటకు ఎన్ని రాత్రులున్నవి! “నేనేమి తప్పుచేసితిని?” అని ఒక్కసారి తలచినను చాలును. తిరిగివచ్చిన మునితో అతడు పలికిన పలుకులలో ఆ ఛాయ వెదకినను కనబడదు. ముని ప్రసన్నుడు కావలెనని పాదములు పట్టి, భోజనమునకు కూర్చుండబెట్టి, ఆదరముతో వడ్డింపజేసెను. దుర్వాసుడు తృప్తిగా భుజించి, రాజునుగూడ భుజింపుమని ఆజ్ఞాపించి, అతని గుణములను కీర్తించుచు ఆకాశమార్గమున బ్రహ్మలోకమునకు వెడలెను. ఆయన భుజింపగా మిగిలిన పవిత్రాన్నమును అంబరీషుడు పిమ్మట స్వీకరించెను.