ఆ గంట ఎవరిది?



"పిల్లలు రోజుకు ఎంతసేపు ఫోను చూడవచ్చు ఫాదరుగారూ?" ఆదివారం పూజ ముగిశాక గుడి వరండాలో తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. అడిగేవారు ఒక అంకె కోసం ఎదురుచూస్తారు. గంటా? రెండు గంటలా? డాక్టరు చీటీ మీద మందు మోతాదు రాసినట్లు గురువు కూడా ఒక లెక్క చెబితే, ఇంటికి వెళ్ళి అమలు చేయవచ్చునని వారి ఆశ.

అంకె లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళలోపు పిల్లల విషయమై కొన్ని సూచనలు వెలువరించింది. రెండేళ్ళు నిండని బిడ్డకు తెర వద్దనీ, రెండు నుండి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు ఒక గంట మించరాదనీ, అంతకంటె తగ్గితే మరీ మంచిదనీ వాటి సారాంశం. పసివారి విషయంలో ఈ మాటను ఉన్నదున్నట్లుగా పాటించడం క్షేమం. కాని పదేళ్ళ పిల్లవాడి విషయంలో, పదహారేళ్ళ అమ్మాయి విషయంలో, నలభై ఐదేళ్ళ తండ్రి విషయంలో అంకె ఒక్కటే చాలదు. ఎందుకు చాలదో కాస్త ఆలోచిద్దాం.

లెక్కలో సమానం

గోదావరి జిల్లాలనుండి, కడప ప్రాంతంనుండి ఇంటిపనికి కువైట్ వెళ్ళిన తల్లులు ఎందరో ఉన్నారు. ఇక్కడ అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్ల రాత్రి అన్నాలయ్యాక ఫోనులో తల్లి ముఖం చూస్తుంది. బడిలో జరిగింది చెబుతుంది. మార్కుల కాగితం ఎత్తి చూపిస్తుంది. "ఇవాళ జడ ఎవరు వేశారే?" అని తల్లి అక్కడినుండే అడుగుతుంది. అదొక గంట. అదే వేళకు పక్కింట్లో ఒక పిల్లవాడు కంచం ముందు కూర్చుని, ఎడమచేతి బొటనవేలితో ఒకదాని వెంట ఒకటిగా రీల్స్ తోస్తూ ఉంటాడు. ఏం తిన్నావంటే చెప్పలేడు. ఏం చూశావన్నా చెప్పలేడు. అదీ ఒక గంటే. ఫోను లోపలి లెక్కలో ఈ రెండూ సమానం. మన అంతరాత్మ లెక్కలో సమానమేనా?

కనుక 'ఎంతసేపు?' అని అడగడానికి ముందే అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ గంట ఎవరిది?

పదమూడవ శతాబ్దపు పండితుడు పునీత తోమాసు అక్వీనాసు ఈ విషయాన్ని లోతుగా ఆలోచించాడు. తిండికీ తాగుడుకూ మితం ఉండాలని అందరూ అంటారు. తెలుసుకోవాలనే కోరికకు కూడా మితం ఉండాలని ఆయన చెప్పాడు. జ్ఞానం చెడ్డదని కాదు సుమా. తెలుసుకోవడం మంచిదే. కాని ఆ కోరిక క్రమం తప్పవచ్చు. క్రమం తప్పే విధాలలో ఒకటి ఏమిటంటే, మన విధిగా ఉన్నదానిని విడిచి, అంతకంటె తక్కువ ప్రయోజనం గలదాని వెంట పోవడం. అక్వీనాసు కాలంలో ఫోను లేదు, కరెంటు లేదు, అచ్చుయంత్రం కూడా లేదు. అయినా మన ఇంటి సంగతి చూసి రాసినట్లే ఉంది.

ఫోను చూడటం పాపమా అని కొందరు అడుగుతారు. చూడటం పాపం కాదు. కాని భోజనం వేళ ఇంటివారిది. పరీక్షల ముందటి రాత్రి పుస్తకానిది. నడిరాత్రి నిద్రది, అంటే దేవుడిచ్చిన ఈ శరీరానిది. మంచాన పడిన ముసలి తండ్రి పక్కన కూర్చున్న పావుగంట ఆ తండ్రిది. దివ్యబలిపూజ సమయం దేవునిది. ఈ వేళలలో ఫోను తీసినప్పుడు మనం ఖర్చు పెడుతున్నది మన సొమ్ము కాదు, పక్కవారి వాటా. దీనికి మనం కాలక్షేపమని పేరు పెట్టుకున్నాం. క్షేపమంటే విసరడం. విసిరే ముందు చేతిలో ఉన్నది ఎవరిదో చూసుకోవద్దా?

మనసు గట్టిగా ఉంటే చాలదా?

"హద్దులు, నియమాలు ఎందుకండీ? మనసు గట్టిగా ఉంటే ఫోను ఎదురుగా ఉన్నా ఏమీ కాదు" అని కొందరి వాదన. చదువుకున్నవారే ఈ మాట ఎక్కువగా అంటారు. వారికి పునీత అగస్తీను తన ఆత్మకథలో చెప్పిన ఒక సంగతి గుర్తు చేస్తాను.

ఆయనకు అలీపియుసు అనే మిత్రుడు ఉండేవాడు. న్యాయశాస్త్రం చదవడానికి రోము నగరం వెళ్ళాడు. అక్కడ మనుషులు కత్తులతో ఒకరినొకరు పొడుచుకొనే వినోదాలంటే అతడికి అసహ్యం. ఒకనాడు స్నేహితులు బలవంతంగా లాక్కుపోయారు. తన శరీరాన్ని అక్కడ కూర్చోబెట్టగలరేమో గాని తన మనసును, కళ్ళను తిప్పలేరని అతడు ధైర్యంగా అన్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. ఇంతలో ఎవరో పడిపోయారు. జనమంతా ఒక్కసారిగా కేక వేశారు. ఏమైందో ఒక్కసారి చూద్దామని కళ్ళు తెరిచాడు. అంతే. ఇక మూయలేకపోయాడు. తరువాత తరువాత తానే ఇతరులను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళసాగాడు. చాలా కాలం తరువాత దేవుడు అతడిని ఆ వ్యసనంనుండి విడిపించాడు. అతడే తగస్తె పట్టణానికి పీఠాధిపతియై పునీతుడయ్యాడు. తన బలాన్నే నమ్ముకోవడం అలీపియుసు చేసిన పొరపాటని అగస్తీను తేల్చాడు.

నాడు ఆ కేక వినాలంటే రోము నగరం పోవాలి. నేడు అది చొక్కా జేబులోనే మోగుతుంది. పైగా పూర్వపు వినోదాలకు ఒక ముగింపు ఉండేది. పుస్తకానికి చివరి పుట ఉంటుంది. సినిమా చివర తెరమీద 'శుభం' అని పడేది. రేడియో కూడా రాత్రి ప్రసారాలు ముగించి ఊరుకునేది. ఫోనులోని పుటకు అడుగు లేదు. తోసే కొద్దీ వస్తూనే ఉంటుంది. ఇది దానంతట అది అయినది కాదు. ఆజా రాస్కిన్ అనే అమెరికా నిపుణుడు 2006లో ఈ అంతులేని పుటను రూపొందించాడు. ఆ తరువాత ఆయనే దాని ఫలితాలు చూసి బహిరంగంగా విచారం వెలిబుచ్చాడు. చూపు మరలకుండా నిలిపి ఉంచడమే వృత్తిగా గల మేధావులు అటు వందలమంది, ఇటు మన పన్నెండేళ్ళ పిల్లవాడు ఒక్కడు. వాడికి నిగ్రహం లేదని తిట్టడం న్యాయమేనా?

కాబట్టి హద్దు పెట్టడం స్వేచ్ఛను తీసివేయడం కాదు. చెరువుకు గట్టు శత్రువా? గట్టు ఉన్నందుకే నీరు నిలుస్తుంది, పొలానికి పారుతుంది. అన్నీ చేయదగినవే కావచ్చు గాని దేనికీ దాసుడను కాబోనని పౌలు కొరింతీయులకు బోధించాడు. ఫోను కింద పెట్టగలిగినవాడే ఫోనును స్వేచ్ఛగా వాడుకోగలడు.

ప్రభుత్వాలు కూడా ఈ దిశగా ఆలోచిస్తున్నాయి. ఫ్రాన్సు 2018లోనే చిన్న తరగతులనుండి పదిహేనేళ్ళ వయసు వరకు బడులలో ఫోన్ల వాడకాన్ని నిషేధించింది. పదహారేళ్ళలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండరాదని ఆస్ట్రేలియా చేసిన చట్టం 2025 డిసెంబరు 10న అమలులోకి వచ్చింది. మంచిదే. కాని ఏ చట్టమూ మన వంటింటి గడప దాటి లోపలికి రాదు. అక్కడ శాసనకర్తలు తల్లిదండ్రులే.

ముందు ఎవరు కింద పెట్టాలి?

ఇక్కడే అసలు చిక్కు. పిల్లల చేతికి ఫోను ఎలా వచ్చింది? 2016లో జియో వచ్చాక డేటా చవకైంది. 2020 మార్చిలో కరోనా కారణంగా బడులు మూతపడినప్పుడు, పాఠాలు వినాలని మనమే కొని ఇచ్చాం. అప్పు చేసి ఇచ్చినవారూ ఉన్నారు. ఇచ్చింది మంచి ఉద్దేశంతోనే. కాని బడులు తెరిచినా ఫోను తిరిగి రాలేదు. ఇప్పుడు హఠాత్తుగా లాక్కుని, తలుపు వేసి, నాలుగు దెబ్బలు వేస్తే పిల్లవాడు నేర్చుకునేదేమిటి? బలం ఉన్నవాడిదే ఫోను అని. మొక్కగా ఉన్నప్పుడే వంచాలని పెద్దలు అన్నారు నిజమే. వంచడం వేరు, విరవడం వేరు.

మరొక మాట కూడా నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. కూలికో డ్యూటీకో వెళ్ళి సాయంత్రం ఇల్లు చేరిన తల్లి, ఒక పక్క పొయ్యి మీద అన్నం, మరో పక్క ఏడ్చే బిడ్డ. ఏం చేస్తుంది? ఫోను బిడ్డ చేతిలో పెడుతుంది. ఆమె మీద రాయి వేయడానికి నాకు చేతులు రావు. అయితే ఆ అరగంట ఎవరిది అని అడగవలసిందే. ముందు గదిలో కుర్చీలో కూర్చుని తన ఫోను తాను చూసుకుంటున్న తండ్రి ఉన్నాడు కదా! ఆ అరగంట బిడ్డ తండ్రి దగ్గర పొందవలసిన వాటా. పిల్లవాడి తెర వేళ తగ్గాలంటే చాలా ఇళ్ళలో ముందు తగ్గవలసింది తండ్రి తెర వేళ. నిజం చెప్పాలంటే, పిల్లలు మన చేతిలోని వస్తువును కాదు, మన చూపును అడుగుతున్నారు. "నాన్నా" అని మూడుసార్లు పిలిస్తే "ఊఁ" అని బదులు రావడం, ఆ "ఊఁ" కూడా తెరవైపే చూస్తూ రావడం వారికి తెలియదనుకోవద్దు.

జగద్గురువులు కీర్తిశేషులు పోపు ఫ్రాన్సిస్ గారు కుటుంబాలను గూర్చి 2016లో రాసిన 'అమోరిస్ లెతీత్సియా' అనే ఉపదేశ పత్రంలో, భోజనం వేళ ఎవరి ఫోనులో వారు మునిగిపోయే ఇళ్ళను గురించీ, గంటలతరబడి యంత్రంతో గడిపే భాగస్వామి కోసం ఎదురుచూసి చూసి నిద్రపోయే భార్యాభర్తలను గురించీ ప్రస్తావించారు. 2019 డిసెంబరు 29న, తిరుకుటుంబ పండుగనాడు, ఎవరి ఫోనుతో వారు కూర్చున్న భోజనాల బల్ల దగ్గరి నిశ్శబ్దాన్ని పూజలోని నిశ్శబ్దంతో పోల్చి చమత్కరించారు. మాటలు లేవు, ప్రార్థనా లేదు! అంతకుముందు 2017 నవంబరులో, పూజ జరుగుతుండగా ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీసేవారిని చూసి బాధపడుతూ, విశ్వాసులనే కాదు, గురువులనూ పీఠాధిపతులనూ కూడా అందులో చేర్చి మందలించారు. పై మెట్టు మీద ఉన్నవారికి వర్తించని నియమం నియమం కాదు, అధికారం మాత్రమే. బడిలోనైనా, గుడిలోనైనా, ఇంటిలోనైనా ఇదే న్యాయం.

"మాకు ఫోనులో పని ఉంటుంది కదా" అంటారు. ఆటో నడిపేవారికి, ఆశా కార్యకర్తకు, వ్యాపారికి ఫోను పనిముట్టే. కాదనలేం. అలాంటప్పుడు పిల్లలకు వినపడేలా చెప్పండి: "ఆర్డరు చూసుకుంటున్నాను, ఐదు నిమిషాలు" అని. ఐదు నిమిషాలకు కింద పెట్టండి. ఎందుకు తీశామో పైకి చెప్పలేని సందర్భంలో, తీయవలసిన అవసరం లేదని మనకే తెలిసిపోతుంది.

ఊడ్చిన ఇల్లు

లూకా సువార్త 11వ అధ్యాయంలో క్రీస్తు ప్రభువు ఒక ఇంటిని గురించి చెప్పాడు. దయ్యం విడిచిపోయింది. ఇల్లు ఊడ్చి శుభ్రంగా ఉంది. కాని లోపల ఎవరూ లేరు. వెళ్ళినది తనకంటె చెడ్డవాటిని మరి ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగి వచ్చింది. ఫోను తీసివేసిన సాయంత్రం కూడా అటువంటి ఇల్లే. దానిని దేనితో నింపుతారు? ఫోను తీసివేసి ఊరికే కూర్చోబెడితే పిల్లలు గోడలు చూస్తారు, తరువాత దొంగచాటుగా తీస్తారు. తపస్కాలంలో మనం మాంసం మానేది మాంసం చెడ్డదని కాదు కదా! అంతకంటె పెద్దదానికి చోటు చేయడానికి. ఇక్కడా అంతే.

పునీత కార్లో అకుతిస్ పేరు మీ పిల్లలు సత్యోపదేశంలో వినే ఉంటారు. 1991లో పుట్టి, 2006లో పదిహేనేళ్ళకే రక్త క్యాన్సరుతో కన్నుమూసిన ఈ ఇటలీ బాలుణ్ణి జగద్గురువులు పోపు లియో గారు 2025 సెప్టెంబరు 7న పునీతుడిగా ప్రకటించారు. కంప్యూటరు అంటే ప్రాణం. దివ్యసత్ప్రసాద అద్భుతాలను గురించి స్వయంగా వెబ్‌సైటు తయారు చేశాడు. అయితే వీడియో గేములకు మాత్రం వారానికి ఒక గంట అని తనకు తానే హద్దు పెట్టుకున్నాడు. స్మార్టుఫోన్లు ఇంకా ఇంటింటికీ రాని రోజులవి. అతడు యంత్రాన్ని ద్వేషించలేదు. అంతకంటె ఎక్కువగా ప్రేమించదగినది అతడికి దొరికింది. అందుకే గంట చాలింది.

మరి మనం చేయవలసినదేమిటి? పెద్ద ప్రణాళికలు వద్దు. మూడు మాటలు చెబుతాను. మొదటిది, రాత్రి భోజనానికి ముందు ఇంట్లోని ఫోన్లన్నీ, పెద్దలవి ముందుగా, ఒకే గూటిలో పెట్టండి. కువైట్‌నుండి అమ్మ ఫోను చేసే ఇంట్లో ఆ ఒక్క పిలుపుకు మినహాయింపు ఇవ్వండి. అది కూడా కుటుంబం వాటాయే. రెండవది, పడుకునే గదిలోకి ఫోను రానివ్వకండి. తెల్లవారి లేవడానికి పాత అలారం గడియారం చాలు. మూడవది, పిల్లలతో కూర్చుని హద్దును కలిసి నిర్ణయించండి. రోజుకు ఎంతసేపు చూశామో లెక్క చెప్పే ఏర్పాటు 2018నుండి ఫోన్లలోనే వస్తున్నది. పిల్లవాడి లెక్క అడిగే ముందు మీ లెక్క తీసి వాడికి చూపండి. అది కొంచెం కష్టమైన పనే. కాని అంతకు మించిన పాఠం ఏ బడిలోనూ దొరకదు.

ఆ విధంగా మిగిలిన వేళలో జపమాల చెప్పుకోండి. తాతగారి చేత పాత కబుర్లు చెప్పించుకోండి. పచ్చీసు ఆడండి. చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చున్నా సరే, కలిసి కూర్చోండి. మొదటి వారం ఇల్లంతా చిరాకుగా ఉంటుంది. ఎవరికీ మాటలు తోచవు. భయపడకండి. చాలాకాలం మాట్లాడుకోనివారికి మాట పెగలడానికి కొంత సమయం పడుతుంది.

నజరేతులోని ఆ చిన్న ఇంటిలో, తల్లిదండ్రులకు లోబడి, వారి కళ్ళ ఎదుట జ్ఞానమందును వయసునందును ఎదిగిన బాల యేసు మన పిల్లలను కాపాడుగాక. వారి వంక చూసే కళ్ళను మనకు దయచేయుగాక.