చుక్క కారని లీకు

పాత డీజిల్ కారు ఇంట్లో ఉన్నవారికి ఒక అలవాటు పడిపోతుంది. ఉదయాన బండిని బయటికి తీయగానే, అది రాత్రంతా నిలిచిన చోట నేలను ఒకసారి చూసుకుంటారు. నల్లని మరక ఉంటే ఇంజనాయిలు. తడిగా ఉండి వాసన వేస్తే డీజిలు. ఏమీ లేకుంటే మనసుకు నిమ్మళం. నేనూ చాలా ఏళ్లు ఆ నిమ్మళంతోనే ఉన్నాను. చుక్క కారకుండా కూడా లీకు ఉండవచ్చునని మా నాయన కొన్న అంబాసిడర్ నాకు నేర్పింది. బండి వరకు ఆ పాఠం సులభమే. ఆ బండిని అమ్మినప్పుడు నేను చేసిన పని సంగతే ఇన్నేళ్లుగా తేల్చుకోలేక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు బండి గురించి చెప్పాలి. 1990లో కొన్నది, 1489 సీసీ డీజిల్ ఇంజను. టాంకు వెనక డిక్కీ కింద ఉంటుంది. అక్కడినుంచి సన్నని గొట్టం బండి అడుగున పొడుగునా ముందుకు వస్తుంది. ఇంజను పక్కనున్న ఫీడ్ పంపు ఆ డీజిలును పీల్చి ఫిల్టరుకు తోస్తుంది. ఫిల్టరు నుంచి ఇంజెక్షన్ పంపుకు, అక్కడినుంచి నూరు వాతావరణాలకు మించిన ఒత్తిడితో ఇంజెక్టర్లకు. ఆ చివరి భాగంలో లీకు వస్తే దారం కంటే సన్నగా చిమ్ముతుంది. చెయ్యి అడ్డం పెడితే చర్మంలోకి దూరిపోతుంది. అక్కడ అట్టముక్క పెట్టి చూడాలి తప్ప వేలు పెట్టకూడదు. ఏమైనా, ఫీడ్ పంపు దాటిన తరువాత ఎక్కడ వదులైనా డీజిలు బయటికి వస్తుంది, కంటికి కనబడుతుంది.

టాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య మాత్రం వ్యవహారం వేరు. అక్కడ పంపు పీలుస్తూ ఉంటుంది కాబట్టి గొట్టంలో ఒత్తిడి బయటిగాలి కంటే తక్కువ. రబ్బరు గొట్టం బీటలు వారినా, జాయింటులో రాగి వాషరు అణిగిపోయినా డీజిలు బయటికి రాదు. గాలి లోపలికి పోతుంది. రాత్రి బండి నిలిచి ఉన్నప్పుడు ఆ సందులోంచి గాలి దూరి, గొట్టంలోని డీజిలు మెల్లగా టాంకులోకి దిగిపోతుంది. నేల పొడిగానే ఉంటుంది. తెల్లవారి బ్యాటరీ అయిపోయేదాకా సెల్ఫు కొట్టినా ఇంజను అందుకోదు.

దీనికి తాత్కాలికమైన మందు ఒకటుంది. ఫీడ్ పంపుకు చిన్న పిడి ఉంటుంది. ఫిల్టరు మీది స్క్రూను కొంచెం వదులు చేసి, ఆ పిడిని చేత్తో కొడుతూ పోతే మొదట నురగ వస్తుంది, తరువాత బుడగలు, ఆ తరువాత బుడగ లేని డీజిలు. అప్పుడు స్క్రూ బిగిస్తే బండి కదులుతుంది. పది నిమిషాల పని. ఏడాదికి పైగా రోజూ చేశాను. బాగు చేయించాలంటే ఒక పూట చాలునని తెలిసీ చేశాను. పళ్లు తోముకున్నట్టు అదీ దినచర్యలో కలిసిపోయింది. ఇందులో బండి చేసినవారి తప్పేమీ లేదు. వయసైన రబ్బరు, సోమరి యజమాని.

మా బ్యాంకుల్లో ఇన్‌స్పెక్షనుకు వచ్చినవారు ‘ఇన్‌కం లీకేజీ’ అని ఒక పట్టీ రాస్తారు. తక్కువ వేసిన వడ్డీ, వసూలు చేయని కమిషను అందులోకి వస్తాయి. క్యాషు పైసాతో సహా సరిపోతుంది, పెట్టెలోంచి ఏమీ పోలేదు. రావలసినది రాలేదు, అంతే. ఇతరుల లెడ్జర్లలో దాన్ని పట్టుకోవడం నాకు చక్కగా వచ్చు.

2007లో నాకు బదిలీ అయింది. బండిని అమ్మకానికి పెట్టాను. నరికుడి నుంచి ఒక అబ్బాయి అడగవచ్చాడు. మనవాళ్లే. దగ్గరి చుట్టరికం లేకపోయినా వరస కలుపుకొని నన్ను మామా అంటాడు. ఊళ్లో బాడుగకు తిప్పుకుంటానన్నాడు. తమిళనాడులో 108 బండ్లు వచ్చింది 2008లో. అంతకు ముందు పల్లెల్లో అర్ధరాత్రి నొప్పులు మొదలైనా, గుండెలో పోటు వచ్చినా బాడుగ కారువాడి తలుపే తట్టాలి. అది నాకు తెలియనిది కాదు. అతనూ ఆ మాటే చెప్పాడు, “రాత్రిళ్లే మామా, మాకు బండి పని” అని.

ఆదివారం పదిగంటలకు వస్తానన్నాడు. నేను తొమ్మిదికే పిడి కొట్టి, గాలి తీసి, అరగంట ఇంజను నడిపి, ఆపి పెట్టాను. అతను వచ్చాడు. వంగి అడుగున చూశాడు, నేల తడిమాడు. “చుక్క కూడా లేదు మామా” అన్నాడు. తాళం తిప్పాడు, ఒక్క తిప్పుకే అందుకుంది. “మీరు బ్యాంకువారు. ఏదన్నా ఉంటే మీరే చెప్పిఉందురు” అన్నాడు. నేను నవ్వాను. మాట్లాడలేదు.

బీకాం చదివిన ప్రతివాడికీ కాంట్రాక్టు చట్టంలోని 17వ సెక్షను గుర్తుంటుంది. 1872 నాటి చట్టం. నాకు తెలిసిన లోపాన్ని చెప్పకుండా ఊరుకున్నంత మాత్రాన అది మోసం కాదని అందులో ఉంది. ఉదాహరణకు ఒక గుర్రాన్ని తెచ్చారు. వేలంలో గుర్రాన్ని అమ్మేవాడికి దాని జబ్బు తెలుసు, పలకలేదు. మోసం కాదు. అదే గుర్రాన్ని అప్పుడే మైనారిటీ తీరిన సొంత కూతురికి అమ్మితే చెప్పి తీరాలి. కొనేవాడు “నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను” అన్నప్పుడు పలకకపోతే ఆ మౌనం మాటతో సమానం. పరీక్షకోసం బట్టీ పట్టిన ఈ మూడు ముక్కలూ ముప్పయ్యారేళ్ల వయసులో నా ఇంటి ముందరికి వచ్చి నిలబడ్డాయి. మామా అని పిలిచినవాడు కూతురంత దగ్గర కాకపోవచ్చు. పరాయివాడూ కాదు. మూడో ఉదాహరణ అయితే అచ్చం అతని మాటే. ఇవన్నీ వదిలేసినా అదే సెక్షనులో తెలిసిన సంగతిని పనిగట్టుకొని మరుగుపరచడం మోసమేనని స్పష్టంగా ఉంది. తొమ్మిది గంటలకు నేను కొట్టిన పిడిని మౌనమనడానికి వీలులేదు.

ఈ చర్చ పాతది. క్రీస్తుకు పూర్వం 44లో రోమను సిసెరో కర్తవ్యాల గురించి రాసిన పుస్తకంలో మూడో భాగంలో ఇలాంటిదే వస్తుంది. రోడ్స్ ద్వీపంలో కరువు. ఒక వర్తకుడు అలెగ్జాండ్రియా నుంచి ఓడనిండా ధాన్యం తెచ్చాడు. వెనకనే మరిన్ని ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు. చెబితే ధర పడిపోతుంది. చెప్పాలా? చట్టం అడిగినంత చెబితే చాలునని డయోజినస్ అనే పండితుడు, అన్నీ చెప్పాలని ఆయన శిష్యుడు ఆంటిపాటర్. సిసెరో శిష్యుడి పక్షం వహించాడు. పలకకపోవడం వేరు, ఎదుటివాడు తెలుసుకోగోరేదాన్ని మన లాభంకోసం తెలియనివ్వకపోవడం వేరని ఆయన వాదం. చదివినప్పుడు నాకు ధాన్యం గుర్తు లేదు. పిడి కొట్టిన చెయ్యి గుర్తొచ్చింది.

నరికుడికి దగ్గరలోనే తిరుచుళి ఉంది. రమణ మహర్షి 1879లో పుట్టిన ఊరు. ఆయన మౌనంతోనే బోధించారని వెళ్లినవారు చెబుతారు. ఆ తోవన పోయినప్పుడల్లా, అదే మాటతో నా మౌనాన్నీ పిలుస్తామే అనిపించి సిగ్గేస్తుంది.

రెండు నెలలు కాకముందే ఒక రాత్రి పక్కింటి ముసలమ్మకు ఆయాసం ఎక్కువైంది. బండి అందుకోలేదు. బ్యాటరీ పడిపోయింది. నలుగురు తోసినా కదలలేదు. చివరకు ఎవరిదో సరుకుల వ్యానులో పరుపు వేసి అరుప్పుక్కోట్టైకి తీసుకుపోయారు. దైవం చల్లగా చూసింది, ఆమె బతికింది. ఈ సంగతి అతనే నాకు ఫోనులో చెప్పాడు. నా మీద అనుమానం అతనికి రాలేదు. “నేనే డీజిలు తక్కువ పోసి గాలి పట్టించినాను కాబోలు మామా” అని తనను తాను తిట్టుకున్నాడు.

ఆ వారమే నాకు తెలిసిన మెకానిక్కును వెంటబెట్టుకొని నరికుడికి పోయాను. అతను పైన టేపు చుట్టడానికి, ముద్ద పూయడానికి ఒప్పుకోలేదు. “గాలి ఎక్కడ దూరుతోందో చూడకుండా పూత పూస్తే అది నాకు కాదు సార్, మీకే మోసం” అన్నాడు, ఎవరికి చెబుతున్నాడో తెలియక. పంపుకు ముందు ఒక చిన్న పారదర్శకమైన గొట్టం తగిలించి ఇంజను నడిపాడు. ముత్యాల్లా బుడగలు పోతున్నాయి. వెనకనుంచి ఒక్కొక్క జాయింటూ చూసుకుంటూ వచ్చాడు. టాంకు దగ్గరి రబ్బరు ముక్క మార్చాడు. మూరెడు కూడా లేదు. పంపు దగ్గర రెండు రాగి వాషర్లు కొత్తవి వేశాడు. పాతవాటిని ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మళ్లీ మెత్తబడి పనికొస్తాయట, ఈ పాటికి అవీ పనికిరావన్నాడు. మొత్తం నూట అరవై రూపాయలు. బుడగలు ఆగిపోయాయి.

డబ్బు నేనిచ్చాను. ఆ అబ్బాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మేసిన బండికి మెకానిక్కును తెచ్చి బాగు చేయించేవారు ఎవరున్నారు మామా అన్నాడు. ఆ సంక్రాంతికి సంచెడు వేరుశనగ పంపాడు. ఇప్పటికీ నలుగురిలో ఆ కథ చెబుతాడట.

తిరుక్కురళ్‌లో 30వ అధికారం వాయ్మై గురించి. మనమంతా బళ్లో చదివినదే. అక్కడ వళ్లువర్ ఉన్నదున్నట్టు చెప్పడమే సత్యమని అనడు, ఎవరికీ కీడు చేయని మాట సత్యమంటాడు. దాన్ని పట్టుకొని ఒక స్నేహితుడు నాకు ధైర్యం చెప్పాడు: బండి బాగైంది, ముసలమ్మ బతికింది, ఇప్పుడు చెబితే నీ భారం దిగుతుంది గాని అతనికి ఒక మామ పోతాడు, ఎవరికి లాభం అని. ఆ మాటలో పస లేదనను. చాలా ఏళ్లు దాని నీడనే ఉన్నాను. అయితే బ్యాంకులో ఒకరి ఖాతాలో పడవలసిన సొమ్ము పొరపాటున మరొకరి ఖాతాలో జమ అయితే, దానివల్ల ఎవరికీ కష్టం కలగలేదని అలాగే వదిలేయం. అతని కృతజ్ఞత నా పేరున అలా జమ అయి ఉంది. అంతకంటే కష్టమైనది మరొకటి: ఆ రాత్రి బండి కదలకపోవడం తన తప్పేనని అతను ఇప్పటికీ అనుకుంటున్నాడు. దాన్ని రబ్బరు ముక్క, వాషర్లు సరిచేయలేదు.

అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. మా బండి అతని ఇంటి ముందు వేపచెట్టు కింద ఉంది. బాడుగకు వేరే బండి వచ్చింది గాని దీన్ని అమ్మనంటాడు. అతనికి తెలుగు మాటే గాని అక్షరాలు రావు. కూతురు నేర్చుకుంది, ఈ పత్రిక వస్తే సాయంత్రం అరుగు మీద కూర్చుని తండ్రికి చదివి వినిపిస్తుంది. ఈ సంచికను తపాలాలో పోనివ్వకుండా నేనే తీసుకుపోతాను. ఆమె చదువుతున్నప్పుడు అక్కడ ఉంటాను.