నిండిన చేతికి ఏమి కానుక?



దానము చేయువాడు దేశమును, కాలమును, పాత్రమును విచారింపవలెనని మన పెద్దలు చెప్పిరి. లేనివానికి ఇచ్చునపుడు ఈ విచారము సులభము. ఆకలిగొన్నవానికి అన్నము, చలికి వణకువానికి వస్త్రము, చదువుకొనగోరు పేదబాలునకు పుస్తకము. ఇందు సందేహమునకు అవకాశము లేదు. కాని ఏ కొఱతయు ఎఱుగనివానికి ఏమి ఈయవలెను? పూర్వము ఈ ప్రశ్న చక్రవర్తుల ఆస్థానములలో పుట్టెడిది. నేడు మన ఇండ్లలోనే, పది పండ్రెండేండ్ల బిడ్డ పుట్టినరోజు వచ్చినపుడెల్ల పుట్టుచున్నది.

ఒకప్పుడు పుట్టినరోజనగా అభ్యంగనస్నానము, క్రొత్తబట్ట, దేవాలయమున బిడ్డపేర అర్చన, పెద్దలకు నమస్కారము, ఇంత పాయసము. క్రొత్తబట్ట ఏడాదికి ఒకటి రెండు మార్లు మాత్రమే వచ్చెడి దినములలో ఆ బట్టయే గొప్ప కానుక. నేడు కలిగిన ఇండ్లలో బట్టలు బీరువాలలో పట్టుటలేదు. ఆటవస్తువులు మంచముల క్రిందికి చేరినవి. బిడ్డ అడుగకమునుపే వస్తువు వచ్చుచున్నది. వచ్చిన వస్తువును బిడ్డ చూడకమునుపే మఱియొకటి వచ్చుచున్నది.

గడచిన రథసప్తమికి మఱునాడు అరసవల్లి దేవాలయ ప్రాంగణమున ఒక వృద్ధ గృహస్థు నన్ను సమీపించి తన బాధను చెప్పుకొనెను. ఆయన పింఛనుపై జీవించువాడు. మనుమరాలికి పదునొకండేండ్లు నిండబోవుచున్నవి. "పంతులుగారూ! నేను కొనగలిగినది ఏదియు ఆ పిల్లకు క్రొత్త కాదు. నిరుడు నేను పట్టుకెళ్లిన పొట్లము విప్పకుండ బీరువామీదనే ఉన్నది. ఉత్తచేతులతో వెళ్లుటకు సిగ్గు. ఏదో ఒకటి కొనుక్కొని వెళ్లుటకు అంతకంటె సిగ్గు. తాత ప్రేమకు ఇంతేనా విలువ అనిపించుచున్నది" అనెను. ఆయన కంట నీరు నిలిచెను.

ఈ బాధ ఆయన ఒక్కనిదే కాదు. అందువలన ఆయనతో చెప్పిన మాటలనే కొంత విస్తరించి ఇక్కడ మనవి చేయుచున్నాను.

మొదట ఆ సిగ్గును విడువవలెను. కుచేలుడు ద్వారకకు పోయినప్పుడు ఆయన కొంగున ఉన్నవి ఇరుగుపొరుగులను అడిగి ఇల్లాలు కట్టియిచ్చిన అటుకులు. ఎదుట ఉన్నవాడు లక్ష్మీపతి. ఆయనకు లేనిదేది? కుచేలుడు సిగ్గుపడి ఆ మూటను దాచెను. శ్రీకృష్ణుడు తానే దానిని లాగికొని పిడికెడు నోట వేసికొనెను. స్వామి రుచిచూచినది అటుకులను మాత్రమే కాదు. ఆ ఇల్లాలు ఇల్లిల్లు తిరిగిన శ్రమను, మిత్రుడు నడచివచ్చిన దూరమును రుచిచూచెను. నిండుగా ఉన్నవానికి మనము ఈయగలిగినది వస్తువులోని వెల కాదు, వస్తువులోని మనము.

ఇక ఏమి ఈయవలెననుటకు అరసవల్లి స్వామియే ఉత్తరము చెప్పుచున్నాడు. ఈ క్షేత్రమున ఇంద్రుడు స్వామిని ప్రతిష్ఠించెనని స్థలపురాణము. కళింగమును ఏలిన గాంగవంశపు రాజు దేవేంద్రవర్మ 7వ శతాబ్దమున ఆలయమును కట్టించెనని చరిత్ర. సవితృమండలమున వెలుగువాడు శ్రీమన్నారాయణుడే యని మన విశ్వాసము. కావుననే ఇక్కడి స్వామి సూర్యనారాయణుడు. ఆయన కానుకలిచ్చిన కథలు మన పురాణేతిహాసములలో అనేకములు కలవు. వానిలో మూడింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచిన యెడల మన సందేహము తీరును.

మొదటి కానుక శమంతకమణి. దానిని సూర్యుడు తన భక్తుడైన సత్రాజిత్తునకు ఇచ్చెను. అది అనుదినము ఎనిమిది బారువుల బంగారమును ఈనెడిది. ఉగ్రసేన మహారాజు కొఱకు దానిని ఇమ్మని కృష్ణస్వామి అడిగినను సత్రాజిత్తు ఈయలేదు. దానిని ధరించి వేటకు పోయిన తమ్ముడు ప్రసేనుడు సింహమువాత పడెను. నిందారోపణము స్వామికే తప్పలేదు. తుదకు సత్రాజిత్తు ప్రాణము సైతము ఆ మణి మూలముననే పోయెను. ఈ కథలో మనము గమనింపక దాటిపోవు విషయము ఒకటి కలదు. సింహమును చంపి మణిని తెచ్చిన జాంబవంతుడు దానిని ఏమి చేసెను? గుహలోని తన పసిబిడ్డకు ఆటవస్తువుగా ఇచ్చెను! లోకమున అంతకంటె వెలగల ఆటవస్తువు మఱియొకటి లేదు. దానికై గుహలో ఇరువదియెనిమిది దినములు యుద్ధము జరిగెను. ఆ పసివానికి మాత్రము అదియు ఒక మెరుగురాయియే. వెల ఇచ్చినవానికి తెలియును, చూచినవానికి తెలియును, బిడ్డకు తెలియదు. వెలను చూచి కానుకను ఎన్నువారు నిజమునకు బిడ్డకు కాదు, చూచువారికి ఇచ్చుచున్నారు.

రెండవ కానుక అక్షయపాత్ర. అరణ్యవాసమున ధర్మరాజు తనను నమ్మివచ్చిన విప్రులకు అన్నము పెట్టజాలక దుఃఖించుచుండగా ధౌమ్యుడు సూర్యోపాసనమును ఉపదేశించెను. సూర్యుడు ప్రసన్నుడై ఒక రాగిపాత్రను ఇచ్చెను. అది ఎంతమందికి వడ్డించినను తరుగదు. కాని దానికి ఒక నియమము కలదు. ద్రౌపది భుజించుటతో ఆనాటికి ఆ పాత్ర ముగిసిపోవును. అందరును తిన్న పిమ్మటనే ఆమె తినవలెను. శమంతకమును ఇచ్చినవాడును సూర్యుడే, అక్షయపాత్రను ఇచ్చినవాడును సూర్యుడే. రెండును తరుగని సంపదలే. ఒకటి దాచుకొనుటకు అయి వంశమును కలచివేసెను. మఱియొకటి వడ్డించుటకు అయి పండ్రెండేండ్లు ధర్మమును నిలిపెను. భేదము ఇచ్చినవానిలో లేదు. కానుకను పట్టుకొన్న చేయి దానితో ఏమి చేసెననుటలో కలదు.

మూడవ కానుక మన ప్రశ్నకు మఱింత సమీపమైనది. శ్రీమద్భాగవతమున అష్టమస్కంధములో వామనమూర్తి ఉపనయనఘట్టము కలదు. వటువు సాక్షాత్తు త్రిలోకాధిపతి. ఆయనకు లేని వస్తువేది? ఐనను దేవతలు ఏమేమి తెచ్చిరో చూడుడు. బృహస్పతి యజ్ఞోపవీతమును, కశ్యపుడు ముంజిని, భూదేవి కృష్ణాజినమును, చంద్రుడు దండమును, తల్లి అదితి కౌపీనమును, బ్రహ్మ కమండలువును, సప్తర్షులు దర్భలను, సరస్వతి అక్షమాలను ఇచ్చిరి. నవనిధులకు అధిపతియైన కుబేరుడు బంగారము తేలేదు, భిక్షాపాత్రను తెచ్చెను. అందులో తొలిభిక్ష వేసినది పార్వతీదేవి. సూర్యభగవానుడు ఏ వస్తువును తేలేదు. సావిత్రీమంత్రమును ఉపదేశించెను.

ఈ కానుకలలో ఒక్కటియు అలంకారము కొఱకు కాదు. ప్రతిదానివెనుకను వటువు చేయవలసిన పని ఒకటి కలదు. జలపాత్ర ఇచ్చినచో నీరు తెచ్చుకొనవలెను, అక్షమాల ఇచ్చినచో జపము చేయవలెను, భిక్షాపాత్ర ఇచ్చినచో వినయముతో ఒకరి వాకిట నిలువవలెను. నిండియున్న బాలునకు దేవతలు ఇచ్చినది ఖాళీపాత్ర! ఇదియే నేను ముఖ్యముగా మనవి చేయదలచినది. లేనివానికి నింపియిచ్చుట దానము. అన్నియు ఉన్న బిడ్డకు తానే నింపవలసిన దానిని ఇచ్చుట కానుక.

ఉపనయనము మగపిల్లలకు కదా, ఆడపిల్ల మాటేమిటని కొందఱు అడుగవచ్చును. సంస్కారవిధి వేఱు, ఈ సూత్రము వేఱు. అక్షయపాత్రను ఏలినది ద్రౌపది యని మఱువరాదు.

దీనిని మన ఇండ్లలో ఆచరించుట ఎట్లు? మన శ్రీకాకుళము జిల్లాలో బుడితి యను గ్రామము కలదు. అక్కడి ఇత్తడిపాత్రలు పేరుపడినవి. అట్టి చిన్నపాత్ర నొకదానిని కొని, ఖాళీగానే బిడ్డచేతిలో పెట్టుడు. "అమ్మా! ప్రతిదినము భోజనమునకు ముందు నీ చేతితో పిడికెడు బియ్యము ఇందులో వేయుము. నిండినపుడు ఎవరికి ఈయవలెనో నీవే చెప్పుము" అనుడు. పిడికెడు 40 గ్రాములే అనుకొన్నను 365 దినములకు 14 కిలోలు దాటును. మఱుసటి పుట్టినరోజునాటికి తాను ఎవరి ఆకలి తీర్చెనో ఆ బిడ్డకు తెలిసియుండును. ఎవరికి ఈయవలెనను నిర్ణయమును మాత్రము పెద్దలు లాగికొనరాదు. ఇచ్చుటలోని ఆనందమంతయు ఆ నిర్ణయములోనే కలదు.

క్రొత్తబట్ట పెట్టుటయే మీ ఆచారమైన యెడల దానిని మానవలదు. బిడ్డను పొందూరునకు తీసికొనిపోవుడు. అక్కడి స్త్రీలు వాలుగచేప దవడయెముకతో పత్తిని దువ్వి, చేతితో సన్ననూలు వడకుదురు. ఒక పంచెకు ఎన్ని చేతులు, ఎన్ని దినములు పట్టునో చూచిన పిమ్మట అచ్చట కొన్న చిన్న కండువాను ఆ బిడ్డ బీరువాలో విసరివేయజాలదు.

పుస్తకము ఇచ్చువారు బిడ్డ మనసును తెలిసికొని ఈయవలెను. బొబ్బిలికి సమీపముననున్న అజ్జాడలో 1864వ సంవత్సరమున జన్మించిన ఆదిభట్ల నారాయణదాసుగారికి తొలుత పెట్టిన పేరు సూర్యనారాయణ. ఐదేండ్ల ప్రాయమున తల్లివెంట దేవాలయమునకు పోయి, అంగడిలో భాగవతమును చూచి కావలెననిరట. నీవు చదువగలవా యని అంగడివాడు నవ్వగా ఆ బాలుడు పద్యములను గడగడ చదివెను. అంగడివాడు ఆశ్చర్యపడి పుస్తకమును ఊరకే ఇచ్చెనని చెప్పుదురు. ఆ బాలుడే హరికథాపితామహుడై, 1919లో విజయనగరమున స్థాపింపబడిన సంగీతకళాశాలకు తొలి అధ్యక్షుడయ్యెను. అంగడివాడు మొదట విని, పిమ్మట ఇచ్చెను. మనము వినకయే కొనుచున్నాము. బిడ్డ ఏమి పాడుచున్నది, దేనిని చూచి నిలిచిపోవుచున్నది అని నెలదినములు గమనించినవానికి కానుక దానంతట అదే తోచును.

ధనము లేని తాతకు, మామ్మకు మఱియొక ఉపాయము కలదు. ఒక నోటుపుస్తకమును తీసికొని మీ గోత్రప్రవరలను, వంశమున ఏడుతరములవారి పేర్లను, మీరు చేసిన తీర్థయాత్రలను, కఱవుదినములలో ఇల్లు ఎట్లు గడచెనో, మీ తల్లి పాడిన పాట ఏదో మీ చేతివ్రాతతో వ్రాయుడు. సగము పుటలను ఖాళీగా విడిచి, "ఇక్కడినుండి నీవు వ్రాయుము" అని చెప్పి ఇయ్యుడు. ఏ అంగడిలోను ఇది దొరకదు. వారమునకు ఒకనాడు ఒక గంట ఆ బిడ్డప్రక్కన కూర్చుండి అందులో ఒక పుట చదివిన యెడల అది సూర్యుడు వామనునకు ఇచ్చిన ఉపదేశము వంటిదగును. ఆ వృద్ధునితో నేను చెప్పినది ఈ ఉపాయమే.

అయితే ఒక హెచ్చరిక. ధర్మము నేర్పుచున్నామను ఉత్సాహములో బిడ్డ ఆటవస్తువులను లాగికొనుట, తోటిపిల్లల ఎదుట "నీకు అన్నియు ఎక్కువైనవి" యని దెప్పుట తగదు. అన్నియు ఉండుట బిడ్డ చేసిన నేరము కాదు, తెచ్చినవారము మనమే. బాలకృష్ణుడు వెన్న తిన్నాడు, ఆడుకొన్నాడు, కోతులకును పంచిపెట్టినాడు. ఆటను చంపి దానమును నాటజాలము. కానుక శిక్షవలె తోచినచో అది ఖాళీపాత్రగానే మిగులును.

అరసవల్లిలో స్వామి రెండుచేతులను పద్మములు పట్టియున్నాడు. చేతులు రెండును నిండియున్నవి. వెలుగునకే అధిపతి కనుక వెలుగు కొఱతయు లేదు. ఐనను ప్రతిసంవత్సరము మార్చి రెండవవారమునను, అక్టోబరు తొలిదినములలోను ఉదయభానుని కిరణములు ఆలయద్వారములను దాటి గర్భగుడిలోని స్వామి పాదములను తాకును. ఆ దృశ్యము కొన్ని నిమిషములు మాత్రమే. దానికై వేలకొలది భక్తులు తెల్లవారకమునుపే వచ్చి నిలుతురు. ఆ కిరణము లోనికి రాగలుగుటకు కారణము కట్టినవారు దానికి దారి విడిచియుండుటయే. నడుమ ఏదియైన అడ్డుపెట్టియుండినచో కిరణము వెలుపలనే నిలిచిపోయెడిది. మన బిడ్డల గదులను, దినములను వస్తువులతో క్రిక్కిఱియనీయక, పెద్దల మాటయు, పరుల ఆకలియు, భగవన్నామమును లోనికి వచ్చుటకు ఇంత దారి విడుతుము గాక. శ్రీసూర్యనారాయణస్వామి మన బిడ్డలకు ఆయురారోగ్యములను, ఇచ్చెడి చేతిని అనుగ్రహించుగాక!