ప్రారంభ నిల్వ

ఒకే పరీక్ష, ఒకే ప్రశ్నపత్రం, అందరికీ అదే మూడు గంటలు. వచ్చిన మార్కులను బట్టి సీటు. ఇంతకన్నా న్యాయం ఏముంటుందని అడిగేవారు మనలో చాలామంది ఉన్నారు. పెళ్ళిపందిళ్ళలో, బస్సుల్లో ఈ మాట వింటూనే ఉంటాం. దీనికి ఎదురు మాట కూడా ఉంది. పిల్లలందరూ ఒకేచోటి నుంచి బయలుదేరనప్పుడు ఒకే గీత దగ్గర నిలబెట్టి కొలవడం న్యాయమెలా అవుతుంది? అమెరికాలో ఈ వాదం డైవర్సిటీ, ఈక్విటీ, ఇన్‌క్లూజన్ అనే మూడు మాటల చుట్టూ తిరుగుతున్నది. కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోరాదని 2023లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన దగ్గర ఇదే వాదం రిజర్వేషన్ అనే ఒక్క మాట చుట్టూ వందేళ్ళకు పైగా నడుస్తున్నది. నేను తత్త్వశాస్త్రం చదివినవాణ్ణి కాదు. బి.కాం. చదివి బాంకు లెడ్జర్ల మధ్య జీవితం గడిపినవాణ్ణి. నాకు తెలిసిన లెక్కల భాషలోనే ఈ ప్రశ్నను చూడదలచుకున్నాను.

ఖాతా రాయడం నేర్చుకునేవారికి మొదట చెప్పే పాఠం ఒకటుంది. ప్రారంభ నిల్వ తెలియకుండా ముగింపు నిల్వకు అర్థం లేదు. ఇద్దరు వ్యాపారుల దగ్గర మార్చి 31న చెరొక లక్ష రూపాయలు ఉన్నాయనుకుందాం. ఒకడు తొంభై వేలతో ఏడాది మొదలుపెట్టాడు, రెండోవాడు పదివేలతో మొదలుపెట్టాడు. ఇద్దరూ సమానమైన వ్యాపారులే అని ఏ గుమాస్తా కూడా అనడు. మార్కుల పట్టీ ముగింపు నిల్వ మాత్రమే. ప్రారంభ నిల్వ చూపే గడి అందులో లేదు.

మా దిబ్బూరహళ్ళి ప్రాంతాన్నే తీసుకోండి. శిడ్లఘట్ట తాలూకా, చిక్కబళ్ళాపురం జిల్లా. మల్బరీ తోటలు, పట్టుగూళ్ళు, వెయ్యి అడుగులు దవ్వినా నీళ్ళు పడతాయో లేదో తెలియని బోరుబావులు. ఇక్కడ నుంచి బాగేపల్లి దాకా, చింతామణి దాకా ఇళ్ళలో వినిపించేది చాలావరకు తెలుగే. కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పిన నేల ఇది. ఇక్కడి పిల్లవాడు అమ్మతో తెలుగు మాట్లాడతాడు. బడిలో కన్నడంలో అక్షరాలు దిద్దుతాడు. కాలేజీకి వెళ్ళేసరికి పాఠం ఇంగ్లీషులో మొదలవుతుంది. ఇంట్లోనే ఇంగ్లీషు విని పెరిగిన బెంగుళూరు పిల్లవాడు తొంభై మార్కులు, వీడు డెబ్భై ఐదు తెచ్చుకున్నారనుకోండి. ఎవరు ఎక్కువ దూరం నడిచారు?

ఈ ప్రశ్న మన జిల్లాకు కొత్తది కాదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టింది మన ముద్దేనహళ్ళిలోనే. పూర్వీకులు ఆంధ్రదేశంలోని మోక్షగుండం నుంచి వచ్చిన తెలుగువారు. ఆయన దివానుగా ఉండగానే 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. ప్రాథమిక విద్య వ్యాప్తికి ఆయన చేసిన కృషి కూడా చిన్నది కాదు. అయితే ప్రభుత్వోద్యోగాలు సామర్థ్యాన్ని బట్టే ఇవ్వాలని ఆయన గట్టిగా నమ్మారు. నాల్వడి కృష్ణరాజ ఒడెయరువారు వేరే విధంగా ఆలోచించారు. ఉద్యోగాలన్నీ ఒకే వర్గం చేతిలో ఉండిపోతున్నాయన్న బ్రాహ్మణేతరుల విన్నపాన్ని విని, 1918లో ప్రధాన న్యాయమూర్తి లెస్లీ మిల్లర్ అధ్యక్షతన ఒక కమిటీని నియమించారు. ఆ ఏడాది చివరికి విశ్వేశ్వరయ్యగారు దివాను పదవి వదిలిపెట్టారు. ఈ అభిప్రాయభేదం దానికి ఒక ముఖ్యకారణమని చరిత్ర రాసినవారు చెబుతారు. 1919లో మిల్లర్ కమిటీ నివేదిక వచ్చింది. ఏడేళ్ళలో పై ఉద్యోగాల్లో సగానికి తగ్గకుండా, కింది ఉద్యోగాల్లో మూడింట రెండు వంతులు బ్రాహ్మణేతరులకు దక్కాలని అది సూచించింది.

విశ్వేశ్వరయ్యగారిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆయన భయం నిజమైన భయమే. వంతెన కట్టేవాడికి లెక్క రాకపోతే వంతెన కూలుతుంది. కాని ఆయన జీవితంలోనే ఇంకొక పుట కూడా ఉంది. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ చదివిన ఆయన, పూనాలో ఇంజనీరింగు చదవగలిగింది మైసూరు ప్రభుత్వం ఇచ్చిన సహాయంతో. ప్రతిభ ఆయనదే, సందేహం లేదు. ఆ ప్రతిభకు దారిఖర్చు ఇచ్చింది మాత్రం సంస్థానం. మహారాజుగారి కమిటీ అడిగింది ఒక విధంగా ఇదే: ఆ దారిఖర్చు ఇంకా ఎవరెవరికి అందాలి?

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. రోగికి వైద్యుడి ప్రారంభ నిల్వతో పనేమిటి, వైద్యం వస్తే చాలు కదా అంటారు. నిజమే. కాని కాలేజీ ప్రవేశం వేరు, డిగ్రీ వేరు. బాంకు భాషలో చెప్పాలంటే ప్రవేశం అప్పు మంజూరు, డిగ్రీ అప్పు తీరినట్టు రసీదు. మంజూరు చేసేటప్పుడు మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో, ఎంత దూరం పోగలడో చూస్తాం. రసీదు మాత్రం పూర్తిగా కట్టినవాడికే ఇస్తాం. ఎం.బి.బి.ఎస్. చివరి పరీక్ష ఏ సీటులో చేరినవాడికైనా ఒకటే. ఒకప్పుడు బాంకులు ఆస్తి ఉన్నవాడికే అప్పిచ్చేవి. 1969లో బాంకుల జాతీయకరణ జరిగింది. 1972లో అతి పేదలకు నాలుగు శాతం వడ్డీకి అప్పులిచ్చే పథకం వచ్చింది. ఈనాడు నాలుగు లక్షల దాకా విద్యారుణానికి ఆస్తి తాకట్టు అడగకూడదు. పిల్ల చదువే హామీ అని బాంకులే ఒప్పుకున్నాక, కాలేజీలు ఒప్పుకోవడంలో వింత ఏముంది?

ఎంతవరకు ఒప్పుకోవాలన్నది వేరే ప్రశ్న. ఇంజనీరింగు, వైద్య కళాశాలల్లో 68 శాతం సీట్లు కేటాయించిన 1962 నాటి మైసూరు ఉత్తర్వును బాలాజీ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. కేటాయింపు మామూలుగా సగానికి లోపలే ఉండాలన్నది. హద్దు ఉండాలన్నంత మాత్రాన సూత్రం పోలేదు. కర్ణాటకలో సి.ఇ.టి. ద్వారా భర్తీ అయ్యే సీట్లలో పల్లెబడుల్లో చదివినవారికి 15 శాతం, కన్నడ మాధ్యమంలో చదివినవారికి 5 శాతం కేటాయిస్తున్నారు. ఇది ప్రారంభ నిల్వ గడిని కొంతైనా నింపే ప్రయత్నం.

అయితే తలుపు తీయడంతో పని అయిపోదు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో షెడ్యూల్డు కులాల, తెగల విద్యార్థుల పరిస్థితిని పరిశీలించిన థోరాట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. హాస్టలు గదుల దగ్గర నుంచి తరగతి దాకా వేరుచేసి చూడడం ఉందని అందులో నమోదైంది. సీటు ఉంది, పక్కన కూర్చునేవాడు లేడు. అప్పు మంజూరు చేసి, విత్తనం వేసే అదను దాటాక డబ్బు చేతికిచ్చే బాంకును రైతు ఏమంటాడో నాకు తెలుసు. చేర్చుకోవడమంటే రిజిస్టరులో పేరు రాయడం కాదు. మొదటి ఏడాది ఇంగ్లీషు పాఠం అర్థంకాక వెనుకబెంచీలో తలవంచుకున్న పిల్లకు పాఠం అర్థమయ్యే ఏర్పాటు చేయడం.

ఇంతవరకు చదివిన పాఠకులు, ఇందులో మనకేం సంబంధం, ఇదంతా ప్రభుత్వం చూసుకోవలసినదే కదా అనుకోవచ్చు. మన సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

కర్ణాటకలో మనం భాషా అల్పసంఖ్యాకులం. 2011 జనగణన ప్రకారం ఈ రాష్ట్రంలో నూటికి దాదాపు ఆరుగురి మాతృభాష తెలుగు. అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రాన్ని బట్టి నిర్ణయించాలని 2002లో టి.ఎం.ఏ. పాయ్ ఫౌండేషన్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తులు చెప్పారు. 30వ అధికరణం కింద మనం విద్యాసంస్థలు పెట్టుకోవచ్చు, మన పిల్లలను చేర్చుకోవచ్చు. ఇంకొకటి కూడా ఉంది. ప్రైవేటు కాలేజీల్లో కూడా వెనుకబడిన తరగతులకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు సీట్లు కేటాయించే వీలు కల్పించిన 15(5) అధికరణం నుంచి మైనారిటీ సంస్థలను మినహాయించారు. 2014లో సుప్రీంకోర్టు ఈ మినహాయింపును సమర్థించింది. అంటే ఇతరుల మీద పెట్టదగిన బరువు మన మీద లేదు. బరువు లేనివాడు తన బాధ్యతను తానే లెక్కవేసుకోవాలి.

ఆ లెక్క ఎలా ఉందో చెప్పడానికి ఒక సంగతి రాస్తాను. కొన్నేళ్ళ క్రితం దిబ్బూరహళ్ళి వైపు రైతు ఒకాయన కూతురిని వెంటబెట్టుకుని విద్యారుణం గురించి అడగడానికి మా బ్రాంచికి వచ్చాడు. తెలుగు మైనారిటీ కింద సీటు వస్తుందని ఎవరో చెప్పారట. పిల్ల బడి కాగితాల్లో మాతృభాష కన్నడ అని పడి ఉంది. "ఇంట్లో మాట్లాడేది తెలుగే సార్. బళ్ళో చేర్చేప్పుడు అయ్యవారు అడగలేదు, మేము చెప్పలేదు. ఇప్పుడు మేము తెలుగోళ్ళమని కాగితం ఎవరిస్తారు?" అన్నాడు. కాగితం తెచ్చుకున్నా అక్కడి ఫీజు అతని రెండేళ్ళ పట్టుగూళ్ళ రాబడి. చివరికి ఆ పిల్లకు ప్రభుత్వ కాలేజీలో సీటు వచ్చింది, కన్నడ మాధ్యమం కోటాలో. తెలుగు పిల్లను గట్టెక్కించింది కన్నడ కోటా. తెలుగు పేరు మీద ఉన్న సీటు ఆమెదాకా రాలేదు. కన్నడ నాడు ఆమె పట్ల తన ధర్మం చేసింది. మనం చేశామా?

ఈ ప్రశ్న వేయడంలో మనకు దారి చూపినవారు ఉన్నారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. షెడ్యూల్డు కులాలకని ఇచ్చిన వాటా వారిలో చివరివారిదాకా చేరుతోందా అని అది అడిగింది. ఆంధ్రప్రదేశ్ చేసిన వర్గీకరణ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఇరవై ఏళ్ళ తరువాత, 2024 ఆగస్టు 1న, ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. మొత్తంగా వచ్చిన వాటాను లోపల కూడా లెక్క చూడాలని అడగడానికి ధైర్యం కావాలి. అలా అడిగితే ఐకమత్యం చెడుతుందని అన్నవారూ ఉన్నారు. లెక్క చూసినంతమాత్రాన చెడే ఐకమత్యం అసలు ఎంత గట్టిది?

తెలుగువారం అనే మాటలో బెంగుళూరులో పెద్ద ఇంట్లో ఉండే కుటుంబం ఉంది, దిబ్బూరహళ్ళి దగ్గర గూళ్ళు ఏరే కూలి కుటుంబమూ ఉంది. హక్కు అడిగేటప్పుడు ఇద్దరి తలలూ లెక్కపెడతాం. సీటు పంచేటప్పుడు ఫీజు కట్టగలవారి తలలే లెక్కకు వస్తే, ఆ కూలివాడి తలను మనం అప్పుగా వాడుకుని తిరిగి ఇవ్వనట్టే. దీన్ని నా వృత్తిలో మొండిబాకీ అంటారు.

చేయవలసినవి పెద్ద పనులు కావు. పల్లెబడుల్లో పిల్లలను చేర్చేటప్పుడు మాతృభాష గడిలో నిజం రాయించడం. సెలవుల్లో తెలుగు అక్షరాలు నేర్పడం. మన పేరు మీద ఉన్న సంస్థల్లో కొన్ని సీట్లకు ఫీజు తగ్గించి, మొదటి ఏడాది ఇంగ్లీషు తోడుపాఠం పెట్టడం. వీటన్నిటికన్నా ముందు ఒక లెక్క ప్రకటించడం. తెలుగు మైనారిటీ కింద నడిచే ప్రతి సంస్థా, ఈ ఏడాది తెలుగువారి పేరిట నిండిన సీట్లలో ప్రభుత్వ పల్లెబడి నుంచి వచ్చినవారు ఎందరో, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవారు ఎందరో ఏడాదికొకసారి అచ్చువేస్తే చాలు. ఆ రెండు అంకెలు తీయడం ఒక గుమాస్తాకు ఒక పూట పని. వాటిని చూసి మనకేమనిపిస్తుందన్నది ఆ తరువాతి మాట.